తొలి డబ్బు ఎవరిదో చెప్పండి

బుకీ చచ్చాడని 2000లో లండన్ సిటీ వీధుల్లో శవపేటిక ఊరేగించారు. ఊరేగించింది బెట్‌ఫెయిర్. ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే అనే ఇద్దరు అప్పుడే తెరిచిన బెట్టింగ్ ఎక్స్ఛేంజ్ అది. ఇకనుంచి మీకెదురుగా బుకీ ఉండడు, మీలో మీరే పందెం కాసుకోండి, డబ్బు మేం పట్టుకుంటాం, గెలిచినవాడి లాభంలో నూటికి ఇంతని కమీషన్ తీసుకుంటాం. ఇదీ వాళ్లు చెప్పిన మాట. తర్వాత వచ్చిన ప్రతివాడూ అదే పల్లవి అందుకున్నాడు. ఐర్లండ్ కోటీశ్వరుడు డెర్మాట్ డెస్మండ్ పెట్టిన బెట్‌డాక్, 2008లో లండన్‌లో పుట్టిన స్మార్కెట్స్, ఇప్పుడు న్యూయార్క్‌లో కూర్చుని ఎన్నికల నుంచి వానల దాకా అన్నిటిమీదా కాయిస్తున్న కల్షీ, పాలీమార్కెట్. అందరిదీ ఒకటే వరస: మా దగ్గర హౌస్ లేదు, ఆట నడిపేవాడు మీకు ఎదురుపక్షం కాడు.

సరే, కాడనే అనుకుందాం. మార్కెట్ తెరిచిన క్షణంలో, ఇంకా ఒక్క పంటరూ అడుగుపెట్టకముందే, అక్కడ మెరుస్తున్న ధర ఎవరు పెట్టారు? దాని వెనకున్న డబ్బు ఎవరిది? ఇంత చిన్న ప్రశ్నకి పాతికేళ్లుగా తెర మీద జవాబు లేదు. నా కోపమంతా అందుకే.

ఆ తెర ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. బెట్‌ఫెయిర్‌లో ప్రతి గుర్రం పేరు పక్కనా ఆరు గడులుంటాయి. నీలం మూడు, గులాబీ మూడు. నీలం గడి నొక్కితే ఆ గుర్రం గెలుస్తుందని కాసినట్టు. గులాబీ నొక్కితే గెలవదని కాసినట్టు, అంటే ఆ పందేనికి మీరే బుకీ. ప్రతి ధర కిందా చిన్న అంకెల్లో ఆ ధరకి ఎన్ని పౌండ్లు సిద్ధంగా ఉన్నాయో కనిపిస్తుంది. ధరలు 1.01 నుంచి 1000 దాకా. ధర అంటే పౌండ్ పెట్టి గెలిస్తే అసలుతో కలిపి తిరిగొచ్చేది. వుల్వర్‌హాంప్టన్‌లో ఏదో మామూలు సాయంత్రపు రేసు తీసుకోండి. పెద్ద డబ్బు వచ్చేది గుర్రాలు బయల్దేరే ముందు ఆఖరి కొద్ది నిమిషాల్లో. అంతకు ముందు గంటల తరబడి అక్కడ ఈగలు తోలుకోవడమే. ఎవరూ ముట్టని మార్కెట్‌లో నీలం వైపు 1.01, గులాబీ వైపు 1000 కనిపిస్తాయి, ఒక్కోదాని కింద రెండేసి పౌండ్లు. ఎవరో పొరపాటున నొక్కకపోతారా అని ఎవడో వల వేసి కూర్చున్నాడన్నమాట. ఆ తెర చూసి పందెం కాసేవాడు ఉండడు. కాసేవాడు లేడు కాబట్టి ధర పెట్టేవాడూ రాడు. ధర లేదు కాబట్టి మళ్లీ కాసేవాడూ రాడు.

ఈ చిక్కుని విడదీయడానికి ఎవరో ఒకరు ముందు డబ్బు పెట్టాలి. దీన్నే పరిశ్రమలో సీడింగ్ అంటారు, తొలి లిక్విడిటీ అంటారు. అది అవసరమని నేనూ ఒప్పుకుంటాను. ఇద్దరు సమఉజ్జీ టెన్నిస్ ఆటగాళ్లున్నారు. న్యాయంగా ఇద్దరికీ ధర 2.0 ఉండాలి. ఖాళీ మార్కెట్‌లో ఇద్దరి మీదా దొరికేది 1.20 అనుకోండి, ఒకటిని ఒక్కో ధరతో భాగించి రెండూ కలిపితే 166 శాతం దాటుతుంది. వంద దాటినదంతా కాసేవాడి జేబులోంచి పోయేదే. ఏ ఊరి బుకీ కూడా అంత మొహమాటం లేకుండా దోచుకోడు. ఇంకెవరో వచ్చి రెండు వైపులా 1.90 ఇస్తే ఆ లెక్క 105కి దిగుతుంది. అప్పుడే అది మనుషులు తిరిగే మార్కెట్ అవుతుంది.

ముందు ధర పెట్టడం ఆషామాషీ పని కూడా కాదు. గుర్రం కుంటుతోందని శాలలో పనిచేసే కుర్రాడికి తెలుసు. ఆటగాడి భుజం పట్టేసిందని పొద్దున ప్రాక్టీసు చూసినవాడికి తెలుసు. వాళ్లు నేరుగా వచ్చి కొట్టేది మొదట పెట్టిన ధరనే. తనకంటే ఎక్కువ తెలిసినవాడు ఎదురుపడతాడన్న భయమే కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య దూరాన్ని పెంచుతుందని గ్లాస్టెన్, మిల్‌గ్రోమ్ 1985లోనే లెక్క కట్టి చూపించారు. కాబట్టి తొలి డబ్బు పెట్టేవాడు ఊరికే పెట్టడు. వాడికేదో ముట్టాలి. కమీషన్‌లో రాయితీయో, పెట్టిన ఆర్డర్లకి ఎదురు చెల్లింపో, మిగతావాళ్లకంటే వేగంగా ఆర్డర్ వెనక్కి తీసుకునే వీలో, నష్టానికి హామీయో. లేదంటే వాడు ఎక్స్ఛేంజీకి సొంతవాడే అయ్యుండాలి.

ఇక్కడే నాకు మండుతుంది. ఈ ముట్టజెప్పే లెక్క సాధారణ పంటరుకి కనిపించదు. 1.90 దగ్గర 400 పౌండ్లు ఉంటే, అవి లీడ్స్‌లో ఎవరో టీచరమ్మ పెట్టినవా, ఒప్పందం కుదుర్చుకున్న ట్రేడింగ్ కంపెనీవా, ఎక్స్ఛేంజీ అనుబంధ సంస్థవా అన్నది తెర చెప్పదు. మూడూ ఒకే రంగు, ఒకే అక్షరం. బుకీ దుకాణంలోకి వెళ్లినవాడికి ఎదురుగా ఉన్నది బుకీ అని తెలుసు. తెలిసి ఓడతాడు. ఎక్స్ఛేంజీలో ఎదురుగా ఉన్నది తనలాంటివాడేనని నమ్మించి, ఆ నమ్మకం మీదే వ్యాపారం కట్టుకున్నారు.

భీమవరం వైపు సంక్రాంతి బరుల దగ్గర పైపందేలు చూసినవాళ్లకి నేను చెప్పేది తొందరగా అర్థమవుతుంది. అది చట్టం ఒప్పని పని, నేనూ వెనకేసుకు రావడం లేదు. కానీ అక్కడ "డేగ మీద పదివేలు" అని అరిచినవాడి మొహం పదిమందికీ కనిపిస్తుంది. అరిచింది బరి నడిపేవాడి బావమరిదైతే ఆ సంగతి గుంపులో సగంమందికి తెలుసు. తెలిసినవాడు కాస్తాడో మానతాడో వాడిష్టం. లైసెన్సులు, ఆడిట్లు, సర్వర్లు, న్యాయవాదుల దండు ఉన్న లండన్ కంపెనీ ఆ మాత్రం వెలుతురు కూడా ఇవ్వలేదా?

బ్రిటన్‌లో 2005 గ్యాంబ్లింగ్ చట్టం బెట్టింగ్ మధ్యవర్తి అంటే ఎవరో పదమూడో సెక్షన్‌లో చెప్పింది. ఇతరుల మధ్య పందేలు కుదరడానికి సేవలందించేవాడు అని. ఇంత స్పష్టంగా గీత గీశాక, మధ్యవర్తి పక్క గదిలో ఇంకో కంపెనీ పేరుతో కూర్చుని ఆ ఇతరుల్లో తానూ ఒకడైతే? కాగితం మీద రెండు కంపెనీలు, రెండు లైసెన్సులు, రెండు బ్యాంకు ఖాతాలు ఉండొచ్చు. చట్టం అక్షరం చెడదు. తెర ముందున్నవాడికి మాత్రం తాను ఎవరితో కాస్తున్నాడో చెప్పినవాడు లేడు.

చెప్పకపోతే ఏమవుతుందో 2011 డిసెంబరు 28న ఐర్లండ్‌లో లెపర్డ్స్‌టౌన్ మైదానం చూపించింది. క్రిస్మస్ హర్డిల్ రేసు నడుస్తోంది. వోలర్ లా వెదెత్ అనే ఆడగుర్రం హాయిగా ముందుకొచ్చి గెలవబోతోంది. కళ్లముందు గెలుస్తున్న ఆ గుర్రం మీద బెట్‌ఫెయిర్ తెరలో 29.0 ధర అలాగే నిలబడి ఉంది. అంటే పౌండ్ పెడితే 28 పౌండ్ల లాభం. దాని కింద రెండు కోట్ల పౌండ్ల పైచిలుకు డబ్బు. పంటర్లు ఎగబడ్డారు. ఆ ధరకి చెల్లించాల్సి వస్తే దాదాపు 60 కోట్ల పౌండ్లు కావాలి. రేసు అయింది, గుర్రం గెలిచింది, రేసు నడుస్తుండగా కాసిన పందేలన్నీ రద్దు చేస్తున్నామని బెట్‌ఫెయిర్ ప్రకటించింది. ఎవరో కస్టమర్ కంప్యూటర్ ప్రోగ్రాం మా సాంకేతిక లోపంవల్ల పరిమితి దాటి ఆర్డర్ పెట్టేసింది, ఆ ఖాతాలో నిజానికి వెయ్యి పౌండ్లు కూడా లేవు అని సంజాయిషీ.

ఆ సంజాయిషీ నిజమే కావచ్చు. దాన్ని కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ రాత్రి పంటర్లలో మొదట పుట్టిన అనుమానం ఏమిటో తెలుసా? ఆ డబ్బు కంపెనీ సొంతదేనేమోనని. కంపెనీ కాదని పదేపదే చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరి డబ్బో ఏనాడూ చూపించనివాడు, నాది కాదని చెప్పినప్పుడు ఎందుకు నమ్మాలి? వెయ్యి పౌండ్లు లేని ఖాతా రెండు కోట్ల పౌండ్లుగా తెర మీద కనిపించగలిగిందంటే, మనం లిక్విడిటీ అని చూస్తున్న అంకెలకి ఎంత విలువివ్వాలి?

ఇక ఆ కంపెనీయే నిజంగా బయటినుంచి వచ్చి ధరలు పెట్టేవాళ్లని ఎలా చూసిందో గుర్తుచేస్తాను. గెలిచేవాళ్లని తరిమెయ్యకపోవడమే ఎక్స్ఛేంజీ గొప్ప అని చెప్పుకున్న బెట్‌ఫెయిర్, 2008 సెప్టెంబరులో ప్రీమియం చార్జ్ తెచ్చింది. నిలకడగా గెలుస్తూ, లాభంతో పోలిస్తే కమీషన్ తక్కువ కడుతున్నవాళ్లు ఇకమీద లాభంలో 20 శాతం దాకా కట్టాలంది. 2011 జులైలో అందరికంటే ఎక్కువ గెలిచినవాళ్లకి దాన్ని 60 శాతం దాకా పెంచింది. తర్వాత పేరూ లెక్కా మారాయి గానీ గెలిచినవాడి మీద బాదుడు పోలేదు. రెండు వైపులా ధర పెట్టి, చిన్న చిన్న లాభాలతో రోజూ మార్కెట్‌ని నిలబెట్టేవాడు ఎవడో ఆ లెక్కకి సరిగ్గా చిక్కేది వాడే. ఎవరూ లేనప్పుడు వచ్చి కొట్టు తెరిచినవాడి దగ్గర పండగ రోజున పెద్ద వాటా గుంజుకోవడం ఇది. బయటివాడికేమో ఇంత సుంకం, ఒప్పందం ఉన్నవాడికి ఏమిస్తున్నారో బయటికి చెప్పరు. ఈ రెండు చేతులూ ఒకే ఒంటికి ఉన్నాయని తెలిశాక కూడా, మేం ఎవరి పక్షమూ కాదనే మాట వినడం నావల్ల కాదు.

అట్లాంటిక్ దాటితే కథ ఇంకా ముదిరింది. కల్షీ 2020లో అమెరికా ఫ్యూచర్స్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ దగ్గర అనుమతి తెచ్చుకుని, 2021లో తెరిచింది. 2024 ఏప్రిల్‌లో సస్క్వెహానా అనే పెద్ద ట్రేడింగ్ సంస్థ అక్కడ మార్కెట్ మేకర్‌గా, అంటే రెండు వైపులా ధరలు పెట్టేవాడిగా దిగింది. బాగానే ఉంది, ఆ సంగతి అందరికీ చెప్పారు. కానీ దానితోపాటు కల్షీ ట్రేడింగ్ అనే అనుబంధ సంస్థ కూడా అదే వేదిక మీద ధరలు పెడుతోంది. దానికి ప్రత్యేక సౌకర్యాలేమీ లేవని కంపెనీ పెద్దలు చెబుతున్నారు. 2025 చివర్లో కస్టమర్లు కొందరు కోర్టుకెక్కి, మీరు మమ్మల్ని హౌస్‌కి ఎదురుగానే కాయిస్తున్నారని ఆరోపించారు. తీర్పు ఏదైనా రానీ. నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ఒక కాంట్రాక్టు, అంటే అక్కడి పందెం, కొనేటప్పుడు తెర మీద అటువైపు ఉన్నది అనుబంధ సంస్థ అని ఒక్క గుర్తు వేయడానికి వాళ్లకి అడ్డమొచ్చింది ఏమిటి? రూల్‌బుక్‌లో ఎక్కడో రాశామంటే సరిపోదు. రూల్‌బుక్ చదివి పందెం కాసేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ప్రత్యేక సౌకర్యాలు లేవన్న మాట ఇంతకుముందూ విన్నాం. ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీలో అలమేడా రీసెర్చ్ మార్కెట్ మేకర్. రెండింటి యజమానీ శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడే. అలమేడాని అందరిలాగే చూస్తున్నామన్నాడు. 2023లో న్యూయార్క్ కోర్టులో బయటపడింది ఏమిటంటే, ఆ ఖాతా సున్నా కిందికి వెళ్లినా ఆపొద్దని కోడ్‌లోనే రాసి పెట్టారు, 6,500 కోట్ల డాలర్ల అప్పు పరిమితి ఇచ్చారు. కస్టమర్ల డబ్బు ఆ గొట్టంలోంచే కారిపోయింది. 2024 మార్చిలో అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది. కల్షీ ఎఫ్‌టీఎక్స్ అని నేననడం లేదు, అలా అనడం అన్యాయం. అమెరికా చట్టం కింద నడిచేదానికీ బహామాస్‌లో నడిచినదానికీ తేడా ఉంది. కానీ "మా అనుబంధ సంస్థని నమ్మండి" అనే మాటకి చరిత్రలో ఏ ధర పలికిందో తెలిసీ మళ్లీ అదే మాట చెల్లుబాటు చేసుకోజూడటం మొండితనం.

వేరే దారి లేదా అంటే, ఎందుకు లేదు? అయోవా విశ్వవిద్యాలయం 1988 నుంచి ఎన్నికల మార్కెట్ నడిపింది. అక్కడ ఎవరైనా ఒక డాలరు ఇచ్చి, అభ్యర్థులందరి కాంట్రాక్టులూ ఒక్కొక్కటి చొప్పున ఉన్న కట్ట కొనుక్కోవచ్చు. ఎవరు గెలిచినా ఆ కట్టకి డాలరు వస్తుంది. కొన్నవాడు తనకి అక్కర్లేని కాంట్రాక్టు విడదీసి అమ్ముకుంటాడు. సరుకు అలా పుడుతుంది, విశ్వవిద్యాలయం ఎవరికీ ఎదురుపక్షం కాదు. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త రాబిన్ హాన్సన్ ఇంకో ఉపాయం చెప్పాడు. ఎక్స్ఛేంజీ తానే ధర పెడుతుంది, కానీ ఒక సూత్రం ప్రకారం. ఎక్కువమంది ఒకవైపు కొంటే ధర తనంతట తాను కదులుతుంది. మొత్తం మీద ఎంత నష్టం రావచ్చో ముందే తెలుస్తుంది. సూత్రంలో లిక్విడిటీ అంకెని లక్ష రూపాయలుగా పెట్టి, రెండే ఫలితాలున్న మార్కెట్ తెరిస్తే గరిష్ఠ నష్టం సుమారు 69,300. తలుపు మీద రాసి పెట్టొచ్చు: ఈ మార్కెట్ నడపడానికి మేం ఇంతవరకూ పోగొట్టుకోవడానికి సిద్ధం అని. దీంట్లో దాపరికం ఎక్కడుంది?

బెట్‌ఫెయిర్ దగ్గరే ఒక మంచి పరికరం ఉంది, దాన్ని మెచ్చుకోకపోతే తప్పు. క్రాస్ మ్యాచింగ్ అంటారు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒకడు సొంతూరి జట్టు మీద 2.0 ధరకి 50 పౌండ్లు, ఇంకొకడు డ్రా మీద 4.0కి 25, మూడోవాడు బయటి జట్టు మీద 4.0కి 25 కాస్తామన్నారు. ఎవరూ ఓడుతుందని కాయలేదు. అయినా ముగ్గురి డబ్బూ కలిపితే వంద, ఎవరు గెలిచినా వాడికి రావలసింది వంద. ముగ్గుర్నీ ఒకరికొకరు కలిపేస్తే సరి, కొత్తగా ఎవరూ డబ్బు పెట్టక్కర్లేదు. మధ్యవర్తి తెలివి అంటే ఇది. ఇంత తెలివి ఉన్నవాళ్లకి, ఆర్డర్ ఎవరిదో గుర్తు వేయడం చేతకాదంటే నేనొప్పుకోను.

మన సెబీని తిట్టడానికి నాకు చాలా కారణాలున్నాయి. కానీ ఈ ఒక్క విషయంలో అది లండన్‌కి పాఠం చెప్పగలదు. 2011 జూన్‌లో, లావాదేవీల్లేని డెరివేటివ్ కాంట్రాక్టుల్లో ప్రాణం పోయడానికి స్టాక్ ఎక్స్ఛేంజీలు మార్కెట్ మేకర్లకి ప్రోత్సాహకాలు ఇవ్వొచ్చని ఒప్పుకుంది. ఊరికే ఒప్పుకోలేదు. స్కీము పారదర్శకంగా ఉండాలి, ఇష్టమొచ్చినవాడికి ఇవ్వడం కాకుండా నియమం ప్రకారం అందరికీ ఒకేలా వర్తించాలి, వివరాలు ముందుగా బయటపెట్టాలి, ఫలితాలు ప్రకటించాలి అంది. అదే ఏడాది బీఎస్‌ఈ అలాంటి స్కీము తెచ్చింది. రాయితీ డబ్బు కోసమే అటూ ఇటూ తిప్పిన వ్యాపారం ఎంత అన్న విమర్శలూ వచ్చాయి. రావాలి కూడా. నియమాలు బయట ఉన్నాయి కాబట్టే విమర్శించగలిగారు. బెట్టింగ్ ఎక్స్ఛేంజీ ఒప్పందాల గురించి అంత వివరంగా విమర్శించే అవకాశమైనా మనకి ఉందా?

తెలుగువాడికి ఇదంతా ఎందుకని ఎవరైనా అనొచ్చు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ పందేలు నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మూసేసింది. పది రూపాయలకి అవును-కాదు అమ్మిన ప్రోబో లాంటి ఒపీనియన్ ట్రేడింగ్ యాప్‌ల కథ దాంతో ముగిసింది. అంతకు ముందే ఏప్రిల్‌లో, ఇవి మా పరిధిలోకి రావు, మీ డబ్బుకి మా రక్షణ ఉండదని సెబీ హెచ్చరించింది. అయినా వాట్సాప్‌లో ఐడీ ఇచ్చే సైట్లు ఆగలేదు. వాటిలో చాలావాటి పేరు చివర ఎక్స్ఛేంజ్ అనే ఉంటుంది, బెట్‌ఫెయిర్‌లో ఉన్న నీలం, గులాబీ గడులే ఉంటాయి. లోపల మాత్రం మార్కెట్టూ లేదు, మన్నూ లేదు. మహదేవ్ అనే బెట్టింగ్ యాప్ కేసులో ఈడీ చెప్పినదాని ప్రకారం, ఆ వేదిక ప్యానెళ్లని, అంటే శాఖల్లాంటివాటిని, తెలిసినవాళ్లకి 70-30 లాభాల వాటాకి ఇచ్చింది. పందెం కాసేవాడు ఓడితేనే కదా ఆ పంచుకునే లాభం. గుంటూరులో కుర్రాడు నీలం గడి నొక్కి, అటువైపు ఎవరో తనలాంటివాడు ఉన్నాడనుకుంటున్నాడు. అటువైపు ఉన్నది వాడికి ఐడీ ఇచ్చిన పెద్దమనిషి, ఆ పెద్దమనిషి పైన ఇంకో పెద్దమనిషి. లండన్ కంపెనీలు తెర మీద మొహం చూపించని అలవాటు చేశాయి కాబట్టే, ఆ తెరని దొంగిలించినవాడికి మొహం చూపించాల్సిన అవసరమే రాలేదు.

పందెం కాయనివాళ్లకీ దీనితో పని ఉంది. 2024 మేలో, ఓట్లు వేశాక ఫలితాలు వచ్చేలోగా, తెలుగు చానళ్లు రాజస్థాన్‌లో ఫలోడి సట్టా బజార్ ఏమంటోందో గంటకోసారి చెప్పాయి. ఆంధ్రలో ఎవరికెన్ని సీట్లో ఫలోడి చెబుతుంటే మనం నోరు తెరుచుకుని విన్నాం. ఆ అంకె మొదట ఎవడు పలికాడు, ఎంత డబ్బుతో పలికాడు, వాడికి ఏ పార్టీతో సంబంధం ఉంది అని ఒక్క యాంకరూ అడగలేదు. అమెరికాలో ఇదే పని ఇప్పుడు టై కట్టుకుని జరుగుతోంది. 2025 చివర్లో సీఎన్‌ఎన్, సీఎన్‌బీసీ కల్షీ అంకెల్ని తమ వార్తల్లో చూపించడానికి ఒప్పందాలు చేసుకున్నాయి. లక్షలమంది కాస్తున్న పెద్ద ఎన్నికలో ఆ అంకెకి ఎంతోకొంత అర్థం ఉండొచ్చు. నిన్న తెరిచిన, నలుగురైనా రాని మార్కెట్‌లో 37 శాతం అని కనిపిస్తే అది జనం అంచనా కాదు. ఒక మార్కెట్ మేకర్ ప్రోగ్రాం నోటికొచ్చిన మొదటి మాట అది. అనుబంధ సంస్థ పెట్టిన ధరని ఎక్స్ఛేంజీ ప్రజాభిప్రాయంగా అమ్ముతుంది, చానల్ వార్తగా చదువుతుంది, మర్నాడు ఆ వార్త చూసినవాడు వచ్చి ఆ ధర చుట్టూనే కాస్తాడు.

నేను అడిగేది నిషేధం కాదు. సొంత సంస్థ, వాటా ఉన్న సంస్థ పెట్టిన ప్రతి ఆర్డర్‌కీ తెర మీద వేరే రంగు వెయ్యండి. ఒప్పందం మీద ధర పెడుతున్నవాళ్లకి ఏమిస్తున్నారో, ఎంత రాయితీయో, ఎంత వేగమో, నష్టానికి హామీ ఉందో లేదో అందరూ చదివేలా పెట్టండి. అనుబంధ సంస్థ నెలకి ఎంత గెలిచిందో ఓడిందో అంకె ప్రకటించండి. తొలి లిక్విడిటీ కోసమే దాన్ని పెట్టామంటున్నారు కదా, జనం చేరాక అది తప్పుకునే గడువు రాయండి. పొయ్యి అంటించడానికే వచ్చానన్నవాడు వంట అయ్యాక కూడా గరిటె వదలకపోతే వాడి లెక్క వేరే ఉందని అర్థం. చానళ్లకి అంకె అమ్మేటప్పుడు, ఆ ధర వెనక బయటివాళ్ల డబ్బు ఎంతుందో కూడా కలిపి ఇవ్వండి. పదిహేను వందల డాలర్ల మార్కెట్‌ని దేశం నాడి అని చదివే యాంకర్‌కి అప్పుడైనా సిగ్గేస్తుందేమో.

ఇందులో ఏ ఒక్కటీ సాంకేతికంగా కష్టం కాదు. ప్రతి ఆర్డర్ ఏ ఖాతా నుంచి వచ్చిందో సర్వర్‌కి తెలుసు. తెలియకపోతే కమీషన్ ఎలా కోస్తారు? గెలిచినవాణ్ణి ఏరి 60 శాతం దాకా బాదగలిగిన లెక్కలకి, సొంత కొడుకు ఎవరో గుర్తుపట్టడం రాదా?

ఈ మాట అంటే వాళ్లు చివరగా తీసే వాదన ఒకటుంది. పేరు బయటపడితే మార్కెట్ మేకర్లు పారిపోతారట, తొలి డబ్బు రాదట, మళ్లీ 1.01, 1000ల మధ్య ఈగలే మిగులుతాయట. స్కీములు బయటపెట్టిన భారత స్టాక్ ఎక్స్ఛేంజీల నుంచి మార్కెట్ మేకర్లు పారిపోలేదు. సస్క్వెహానా వచ్చిందని చెప్పుకున్నందువల్ల కల్షీకి నష్టమూ రాలేదు, ఆ తర్వాత అక్కడికి ఇంకా పెద్ద డబ్బు వచ్చింది. బయటి సంస్థ పేరు అంత గర్వంగా చాటినవాళ్లకి, కల్షీ ట్రేడింగ్ అన్న రెండు మాటలు ఆర్డర్ పక్కన వెయ్యమంటేనే వ్యాపార రహస్యం ఎందుకు గుర్తొస్తోంది?